కొసరు ఖాసింబీ

తబూక్‌లో కొత్తగా దిగిన మన డ్రైవర్లు కొందరు 'కొసరు' అనేది అరబ్బీ మాట అనుకుంటున్నారు. పార్కు పక్కన గుగ్గిళ్ళ బండి దగ్గర సౌదీ పిల్లలు కప్పులు చాపి "కొసరు, కొసరు" అని అడుగుతుంటే విని, మన మాటలాంటిదే వీళ్ళకూ ఒకటుందే అని ఆశ్చర్యపోతున్నారట. లేదు నాయనా. ఆ మాట ప్రొద్దుటూరు నుంచి విమానమెక్కి వచ్చింది. వెంట తెచ్చినామె పేరు ఖాసింబీ.

ఆమె గురించి చెప్పుకునే మిగతావి కూడా సగానికి సగం అబద్ధాలే. ఖాసింబీకి మూడు బండ్లున్నాయంటారు. ఒక్కటీ లేదు. బలదియా వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, ఆమెను పట్టుకుని ఊరికి పంపేశారంటారు. నిన్నగాక మొన్న కూడా ఆమె వంటింట్లో శనగలు నానబోస్తూ ఉంది. సౌదీ ఇంటి పెద్దామె చనిపోతూ బంగారమంతా ఈమె చేతిలో పెట్టిందని హాస్పిటల్ క్వార్టర్స్‌లో ఎవరో ఒట్టేసి మరీ చెప్పారట. పెద్దామె ఆమె చేతిలో పెట్టింది బంగారం కాదు, ఒక పిల్లను. ఆ పిల్లకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు.

మొదటి నుంచి చెప్పుకుంటే గాని కుదరదు.

ఖాసింబీ వాళ్ళమ్మ ప్రొద్దుటూరు బస్టాండు బయట గంపలో గుగ్గిళ్ళు అమ్మేది. రేకు డబ్బాతో కొలిచి పొట్లంలో పోసి, ఆపైన చేత్తో ఇంత తీసి వేసేది. "వేళ్ళు మూసి ఏస్తే అది కొసరు కాదే. సందుల్లో నుంచి నాలుగు గింజలు రాలల్ల" అని కూతురికి నేర్పింది. కూతురు పెద్దదై, పెళ్ళై, భర్త పోయాక, పసిబిడ్డ అఫ్రీన్‌ను ఆ తల్లి ఒడిలోనే వదిలి సౌదీకి వచ్చింది. పదిహేడేళ్ళ కిందటి మాట. తబూక్ పాత పేటలో ఒక విధవరాలి ఇంట్లో పని. ఆ పెద్దామెను ఖాసింబీ 'మామా' అని పిలిచేది. ఆమెకు ఒక్కతే కూతురు, మునీరా. అప్పుడు పదిహేడేళ్ళ పిల్ల.

వచ్చిన వారానికే ఒక తమాషా జరిగింది. పక్కింటి గడ్డం ముసలాయన ఏదో ఇవ్వడానికి వస్తే, మునీరా తలుపు వెనక నుంచి "యా అమ్మీ" అని పిలిచింది. ఖాసింబీ వాళ్ళింట్లో అమ్మీ అంటే తల్లి. ఆమె చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అరబ్బీలో అమ్మీ అంటే చిన్నాన్న అనీ, వయసు మళ్ళిన మగవాళ్ళందరినీ అలాగే పిలుస్తారనీ మునీరా సైగలతో చెప్పింది.

"అట్లనా! గడ్డమున్న అమ్మీని ఈడే చూస్తాండా" అంది ఖాసింబీ.

మాట అర్థం కాకపోయినా మునీరా కూడా నవ్వింది. అక్కడి నుంచి ఇద్దరికీ కలిసింది. ఈమెకు వంటింటి అరబ్బీ వచ్చింది, ఆమెకు నాలుగు తెలుగు ముక్కలు పట్టుబడ్డాయి. ఇద్దరూ కలిపి మాట్లాడుకునే భాష ఆ ఇంటి గోడలకు తప్ప ఎవరికీ తెలియదు.

మునీరాకు పెళ్ళైంది. కొన్నేళ్ళకు తలాక్ అయి ఇద్దరు ఆడపిల్లలతో తిరిగొచ్చింది. ఉద్యోగం కోసం ఫోన్‌లో ఎన్ని ఫారాలు నింపిందో లెక్కలేదు. ఒక్క చోటి నుంచీ పిలుపు రాలేదు. పైగా ఆమె నోట్లో మాటే బయటికి రాదు. కొట్టువాడిని ఉప్పు అడగాలన్నా పిల్లను ముందుకు తోసేది. ఇల్లంతా పెద్దామె పింఛనుతో నడిచేది. పోయిన చలికాలానికి ముందు ఆ పెద్దామె కన్నుమూసింది. ఆఖరి రోజుల్లో ఖాసింబీ చేతిని పట్టుకుని, "దీనికి నోరు లేదు, నువ్వే చూడాలి" అంది.

మూడో రోజున హాయిల్ నుంచి మునీరా చిన్నాన్న వచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచే మనిషి. చెడ్డవాడు కాదు, తనకు తెలిసిన మంచి తాను చెప్పాడు.

"రంజాన్ నెల పుట్టేలోపు ఈ ఇంటికి తాళం వేసి నా దగ్గరికి వచ్చేయండి. వెనక గది ఖాళీ చేయిస్తాను. మగదిక్కు లేకుండా, సంపాదన లేకుండా ఇక్కడ ఎలా ఉంటావు? పనామెకు ఖురూజ్ వీసా కొట్టించి ఊరికి పంపేద్దాం."

ఆయన వెళ్ళాక మునీరా వంటింట్లో నేల మీద కూలబడింది. "ఆ ఇంట్లో నా పిల్లలు ఎవరో తినగా మిగిలింది తింటారు, ఖాసిమా. నాకు తెలుసు."

"ఏడ్చింది చాల్లే. నీ చేతికి ఏమొచ్చు?"

"ఏమీ రాదు."

"గుగ్గిళ్ళు రావా?"

వచ్చు. చలికాలం ప్రతి శుక్రవారం ఖాసింబీ శనగలు ఉడకేసి, వీళ్ళ అలవాటు ప్రకారం జీలకర్ర, కాస్త వెనిగర్ వేసేది. దాన్ని వాళ్ళు బలీలా అంటారు. మనకు గుగ్గిళ్ళే. పక్కన నిలబడి చూసి చూసి మునీరాకు అది కళ్ళు మూసుకుని చేసేంత వచ్చేసింది. అది కూడా ఒక పని కిందికి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మూడు నెలల పర్మిట్ మునీరా పేరు మీదే వచ్చింది. చక్రాల బండి, చిన్న గ్యాస్ పొయ్యి, ఒక పెద్ద గిన్నె. తబూక్ చలి తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు, సాయంత్రం అసర్ నమాజు దాటితే చెవులు కోసుకుపోతాయి. వేడి గుగ్గిళ్ళకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది? అయినా జనం ఆగలేదు. మునీరా నఖాబ్ లోపల తల వంచుకుని, ఎవరైనా వస్తే తప్పు చేసినట్టు నిలబడేది. పక్కన ఖాసింబీ తన వంటింటి అరబ్బీలో "బలీలా, వేడి వేడి" అని అరిచేది. పది రోజులు గిన్నె సగం నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది.

పదకొండో రోజున హాస్పిటల్ డ్యూటీ దిగి ప్రేమజ్యోతి వచ్చింది. తణుకు పిల్ల, నర్సు. కప్పు అందుకుని, అందులోకి ఒకసారి, ఖాసింబీ ముఖంలోకి ఒకసారి చూసింది.

"మీరు తెలుగోళ్ళేనాండి? అయితే ఇదేంటండి పిన్నిగారూ, కొసరెయ్యరా?"

"ఏందిమ్మా అన్న్యావు?"

"కొసరండీ. కొసరు లేకుండా శెనగలెవరు కొంటారండి బాబూ!"

పదిహేడేళ్ళుగా ఆ మాట ఖాసింబీ చెవిన పడలేదు. ఆమె గిన్నెలో చెయ్యి పెట్టి, వేళ్ళు తెరిచి, ఇంత తీసి కప్పు మీద వేసింది. గింజలు బల్ల మీద రాలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మాయమ్మ సచ్చి ఏ లోకాన ఉండాదో, నన్ను తిడతాంటాది. నేనెట్ల మర్చిపోతినమ్మా!"

"ఏడవకండి పిన్నిగారూ, ఇంకొంచెం ఎయ్యండి" అంది ఆ పిల్ల.

ఆ రోజు నుంచి ఖాసింబీ అరుపు మారింది. "బలీలా! కొసరు! కొసరు!" దారిన పోయేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. ఆగి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేవారు. నవ్వుతూనే కొనేవారు. సైనిక శిబిరం కుర్రవాళ్ళైతే ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించుకునేవారు. ఖాసింబీ తన గొంతు బాగుందనుకుంది.

నాలుగో రోజున అబ్దుల్ ఖాదర్ వచ్చి ఆ సంబరం మీద నీళ్ళు పోశాడు. ఇతనిది రాయచోటి. బడి వ్యాను తోలుతాడు. ఊళ్ళో మన వాళ్ళ కబుర్లన్నీ ఆ వ్యానులోనే తిరుగుతాయి.

"ఖాలా, నువ్వేం అరుస్తాండావో నీకు తెలుసునా?"

"కొసరు అంటాండా. నీకు తెల్దా? మీ రాయచోట్లో ఎయ్యరా?"

"మాకు తెలుసు ఖాలా. ఈళ్ళకు అది ఖుస్ర్ అని ఇనబడతాంది. ఖుస్ర్ అంటే నష్టం. 'నష్టం! నష్టం!' అని అరిచి సరుకు అమ్మే మనిషిని నిన్నొక్కదాన్నే చూస్తాండా!"

అతను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఖాసింబీ గరిటె గిన్నెలో పడేసింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి నమాజులో పలుకుతున్నదే. అర్థం కూడా ఎవరో ఒకప్పుడు చెప్పారు. అది వేరు, బస్టాండు కొసరు వేరు, రెండూ పక్కపక్కన నిలబడతాయని ఎన్నడూ తోచలేదు.

ఇంటికొచ్చి గిన్నె దించకుండానే అడిగింది. "నీకు తెల్దా మునీరా? నీ బండి కాడ నిలబడి నా నోటితో నేనే నష్టం నష్టం అని అరుస్తాంటి. చెప్పకూడదా?"

"జనం నవ్వుతున్నారని తెలుసు."

"మరి?"

"ఆ మాట అనేటప్పుడు నీ ముఖం చూశాను. ఇన్నేళ్ళలో అంత సంతోషంగా నిన్ను చూడలేదు. ఎలా చెప్పను?"

ఖాసింబీ శనగల గిన్నె కడగడానికి వెళ్ళింది. కడిగిందే కడిగింది చాలాసేపు.

మర్నాడు ఆమె నోరు కట్టేసుకుని నిలబడింది. శిబిరం కుర్రవాళ్ళు వచ్చారు. "ఏమైంది, ఈరోజు నష్టం లేదా?" అని అడిగారు. ఖాసింబీ తల తిప్పుకుంది. అప్పుడు నఖాబ్ లోపల నుంచి సన్నటి గొంతు ఒకటి వచ్చింది.

"నష్టం మాది. మీకు లాభమే."

అన్నది మునీరా! అని, తనే భయపడి గబగబా గిన్నెలో చెయ్యి పెట్టి కొసరు వేసింది. వేళ్ళు మూసి వేసింది గాని, వేసింది. ఖాసింబీ పక్క నుంచి ఆమె మోచేతిని చిన్నగా తట్టింది. వేళ్ళు తెరుచుకున్నాయి.

అలా వారం గడిచిందో లేదో బలదియా ఇన్స్పెక్టర్ వచ్చాడు. పెద్దమనిషి. ముందు ఒక కప్పు తిన్నాడు, తర్వాతే కాగితాలు అడిగాడు. మునీరా పర్మిట్ చూశాడు. ఖాసింబీ ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, చూశాడు.

"ఇది ఇంటిపని ఇఖామా. ఈమె బండి దగ్గర నిలబడి అమ్మకూడదు. ఈసారికి వదిలేస్తున్నాను. రేపటి నుంచి నువ్వొక్కదానివే ఉండాలమ్మా."

రంజాన్‌కు ఇంక మూడు వారాలు. చిన్నాన్న అప్పటికే లారీ మాట్లాడుకున్నానని కబురు పంపాడు.

మర్నాడు మునీరా ఒక్కతే నిలబడింది. ఖాసింబీ రోడ్డుకు అవతల ఖాదర్ వ్యానులో కూర్చుని అద్దంలో నుంచి చూసింది. పిల్ల నోరు తెరవలేదు. జనం అలవాటుగా ఆ బండి వైపు చూసి, అరుపు వినపడక, ఈరోజు లేదేమో అని దాటిపోయారు. గిన్నె నిండుగా ఇంటికొచ్చింది.

"నా వల్ల కాదు ఖాసిమా. హాయిల్‌కు పోతాం."

ఖాసింబీ ఓదార్చలేదు. కుళాయి ధారగా తిప్పి, కిటికీ మూసింది.

"అను."

"ఏమని?"

"కొసరు అను."

"కొసరు."

"బొద్దింక గూడా ఇన్లేదు. మళ్ళా అను."

"కొసరు."

"గుగ్గిళ్ళు అమ్ముతాండావా, సంతాపం చెప్తాండావా? కడుపులో నుంచి రావల్ల!"

పిల్లలిద్దరికీ అది ఆటైపోయింది. చిన్నది గరిటెతో మూత వాయిస్తూ "కొసరు! కొసరు!" అని గెంతింది. మునీరాకు నవ్వొచ్చింది, నవ్వులో గొంతు తెరుచుకుంది. ఒక్కసారిగా "కొసరూ!" అని అరిచిందయ్యా, పైన పెట్టిన సీసాలు గలగలమన్నాయి. అరక్షణంలో వీధి తలుపు దబదబా మోగింది. పక్కింటి ఉమ్ రాకాన్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఏం నష్టం జరిగింది? ఎవరికేమైంది?"

ఆమెకు గుగ్గిళ్ళు పెట్టి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఉమ్ రాకాన్ భర్త పోయి రెండేళ్ళు. ఆ రాత్రి ఆమె వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నాకు ఖర్జూరం బిస్కెట్లు బాగా వచ్చు. అవి కూడా ఎవరైనా కొంటారంటావా?" అని ఖాసింబీని అడిగింది. ఆ సంగతి తర్వాత.

ఆ మర్నాడు వ్యానులో ఉన్న ఖాసింబీకి రోడ్డు దాటి ఆ గొంతు వినిపించింది. మొదట వణికింది. రెండోసారి నిలబడింది. జనం వెనక్కి తిరిగారు. ఖాదర్ స్టీరింగ్ మీద కొట్టి, "ఖాలా, రాయచోటి దాకా ఇనపడింటాది" అన్నాడు. అప్పటి నుంచి గిన్నె పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాకముందే ఖాళీ అయ్యేది. ఒక గిన్నె రెండయింది. అయినా ఖాసింబీ గుండెల్లో లారీ ఆగలేదు. చిన్నాన్న ఒక్క మాట అంటే ఎదురు చెప్పే పిల్ల కాదది.

రంజాన్‌కు రెండు రోజుల ముందు ఆ లారీ నిజంగానే వచ్చింది. ఇంటికి తాళం చూసి, ఉమ్ రాకాన్ చెబితే, పార్కు దగ్గరికొచ్చి ఆగింది. చిన్నాన్న దిగాడు. చలికి ఎర్ర గళ్ళ రుమాలు ముఖమంతా చుట్టుకున్నాడు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. కాలు ఈడ్చుకుంటూ వచ్చి, అందరితో పాటు వరుసలో నిలబడ్డాడు.

కాలు చూడగానే ఖాసింబీ గుర్తుపట్టింది. "తలుపు తెరువు అబ్బీ, నేను దిగల్ల."

"వద్దు ఖాలా. అదో, ఆ చివర కప్పు పట్టుకుని తింటాండేది బలదియా ఆయనే!"

ఆమె అద్దానికి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయింది.

మునీరా తలెత్తలేదు. ఆమెకు తీరిక లేదు. చేయి ఆడుతోంది, నోరు ఆడుతోంది. ఒక ముసలాయనకు పోసింది, ఒక పిల్లాడికి పోసింది. ఎదురుగా మరో కప్పు వచ్చింది. కొలిచింది, పోసింది, వేళ్ళు తెరిచి పైన వేసింది, నాలుగు గింజలు బల్ల మీద రాలాయి. వయసు మళ్ళిన ప్రతి మనిషికీ చెప్పినట్టే, ముఖం చూడకుండానే చెప్పింది.

"ఇది కొసరు, యా అమ్మీ."

ఆయన కదలలేదు. "ఈ పైది దేనికి?"

"మా ఇంట్లో ఇలాగే ఇస్తాం."

అన్నాక ఆ గొంతు ఎవరిదో తెలిసింది. గరిటె గాలిలో ఆగిపోయింది. వెనక నిలబడ్డ వాళ్ళు తొందరపెడుతున్నారు. చిన్నాన్న రుమాలు కిందికి లాగి, ఆ కప్పు పట్టుకుని పక్కకు జరిగాడు. నిలబడే తిన్నాడు. చివరి గింజ దాకా తిన్నాడు. ఆ పక్కన ఆయన అన్న కూతురు, కొట్టువాడిని ఉప్పు అడగలేని పిల్ల, ఊరంతా వినేలా అరుస్తూ అమ్ముతోంది. మీసాలు తుడుచుకుని మళ్ళీ బండి దగ్గరికి వచ్చాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

మునీరా ఉప్పు డబ్బా అందుకుంది.

"ఇంకో కప్పు పొయ్యి. కొసరు మరిచిపోకు." ఆ కప్పు కూడా అందుకుని, వెళ్ళబోతూ, "ఇంటి తాళం నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

లారీ ఖాళీగానే హాయిల్‌కు తిరిగిపోయింది. ఖాళీగా అంటే పూర్తిగా కాదు, డ్రైవర్ సీటు పక్కన ఒక డబ్బా గుగ్గిళ్ళు పెట్టించుకున్నాడు పెద్దమనిషి. మునీరా ఇంటికొచ్చి ఖాసింబీ మెడ పట్టుకుని ఏడ్చింది. ఖాసింబీ కూడా ఏడ్చింది గాని, ఆమె బాధ ఇంకోటి.

"ఉప్పు తక్కువంటనా? పదిహేడేండ్లు ఈ ఇంట్లో వండితి, ఉప్పు తక్కువని ఒక్కరూ అన్లేదే!"

పర్మిట్ పొడిగించేటప్పుడు ఫారంలో బండికి పేరు రాయమన్నారు. మునీరా రాసి ఫోన్ చూపించింది. ఖాసింబీ ఖురాన్ చదువుతో వచ్చిన అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంది. "కౌసర్. మా ఊర్లో వీదికి ఇద్దరు ఆడపిల్లలకు ఈ పేరుంటాది. సమృద్ధి అని అర్థమంట. ఇదెందుకు పెట్టినావు?"

"అందరికీ నువ్వు నష్టం అంటున్నట్టు వినపడింది. నాకు మొదటి రోజు నుంచీ ఇదే వినపడింది."

ఇప్పుడు ఆ వీధిలో మరో రెండు బండ్లున్నాయి. ఒకటి ఉమ్ రాకాన్ బిస్కెట్లది, ఇంకోటి విడాకులైన ఒక పిల్ల పెట్టిన, బొగ్గుల మీద కాచే టీది. ఎవరి పర్మిట్ వాళ్ళదే, ఎవరి సంపాదన వాళ్ళదే. మూడు బండ్లు ఖాసింబీవి అనే పుకారు అక్కడి నుంచి పుట్టింది. ఆమె ఏ బండి దగ్గరికీ పోదు. ఆ ఆడవాళ్ళే పొద్దున ఆమె వంటింటికి వస్తారు. ఆమె రుచి చూస్తుంది, తిడుతుంది. నలభై రోజులు చోటు మార్చొద్దంటుంది. సరుకు మిగిలి వచ్చిన రోజున ఎంత అమ్మావని అడగదు, "ఈపొద్దు ఎవరికి కొసరేస్తివి?" అని అడుగుతుంది. కంపెనీ మూతపడి, ఊరికి పోవడానికి మూడు వారాలు ఎదురుచూసిన చెంచులక్ష్మి అనే మన తెలుగామె కూడా ఆ వంటింట్లోనే నేర్చుకుని పోయి, రైల్వే కోడూరులో బడి ఎదుట గుగ్గిళ్ళ గంప పెట్టుకుంది. మొన్న వాయిస్ మెసేజ్ పెట్టిందట, "కొసరేస్తాంటే సరుకంతా అయిపోతాందక్కా" అని. ఖాసింబీ జవాబు, "అయిపోవల్లనే గదే పెట్టుకున్యావు!"

ఊరి నుంచి అఫ్రీన్ వారం వారం ఫోన్ చేస్తుంది. "అమ్మీ, ఇంక చాలు, వచ్చెయ్." ఈ రంజాన్ అయినాక వస్తా బిడ్డా అంటుంది ఈమె. ఏ రంజానో చెప్పదు.

ఒక్క సంగతి. తబూక్ వైపు మీకు పనుంటే, బండి దగ్గర ఆమె కోసం వెతక్కండి. మునీరాను అడగండి, ఇల్లు చూపిస్తుంది. ఎలా ఉన్నావని ఖాసింబీని అడిగితే "నాకేం, బాగుండా" అంటుంది. నమ్మకండి. ఆడవాళ్ళైతే వంటింటి దాకా వెళ్ళి చూడండి. పీట మీద కూర్చుని శనగలు ఏరుతుంటే ఫరవాలేదు. గోడ పట్టుకుని, నిలబడి ఏరుతుంటే మాత్రం మోకాళ్ళు కూర్చోనివ్వడం లేదని అర్థం. మగవాళ్ళైతే వాకిట్లో నుంచే గొంతు వినండి, ఎవరినీ తిట్టడం వినిపించకపోతే ఒంట్లో బాగాలేనట్టే. అప్పుడు ప్రేమజ్యోతికి ఒక ఫోన్ కొట్టండి. ఆ పిల్ల మందు తీసుకుని వెళ్తుంది. వెళ్ళినప్పుడు కొసరుగా ఒక పూట మీరు కూడా ఆమె దగ్గర కూర్చోండి.